సకలేశ్‌పుర బురదలో బాబాయి ట్రాక్టరు గుర్తొచ్చింది

బెంగళూరు మారతహళ్లి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. నా థార్ జీపు, మా బావ గూర్ఖా జీపు, రెండు కుటుంబాలు. సకలేశ్‌పుర 220 కిలోమీటర్ల పైనే. నెలమంగల దాటేదాకా లారీల మధ్య నరకం. ఆ తర్వాత హాసన్ వరకు యెడియూరు దగ్గర తిన్న తట్టె ఇడ్లీ తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మొదటి రాత్రి ఒక రిసార్టులో. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, తిండి మాత్రం హాస్టల్ మెస్సే. ఆఫ్‌రోడ్ ప్యాకేజీ అని బండికి 1,500 తీసుకున్నారు. వాళ్ల కుర్రాడు పక్క సీట్లో కూర్చుని "స్పీడుగా కొట్టండి సార్" అనడమే ఆ ప్యాకేజీ. బురదలో పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించమని కూడా అనలేదు.

రెండో గుంతలోనే గూర్ఖా ఆగిపోయింది. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాల్లో వేలాడుతున్నాయి. బావ 4L (నాలుగు చక్రాలకీ బలం పంపే లో గేరు) వేసి తొక్కితే ఆ రెండే గిర్రున తిరిగాయి. నేల మీద ఉన్న రెండూ కదల్లేదు. "ఫోర్ బై ఫోర్ అంటే నాలుగూ తిరగాలి కదరా!" అని నా మీద అరుపు.

అప్పుడు గుర్తొచ్చింది తెనాలి దగ్గర మా బాబాయి ట్రాక్టరు. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం ఊబిలో దిగబడి ఊరికే తిరుగుతుంటే, ఆయన మడమతో కింద ఒక పెడల్ తొక్కేవాడు. బండి ఊగి బయటికొచ్చేది. అదే డిఫరెన్షియల్ లాక్. మలుపులో బయటి చక్రం లోపలి దానికన్నా ఎక్కువ దూరం పోవాలి కాబట్టి రెండూ వేర్వేరు వేగాలతో తిరిగే ఏర్పాటు ఇరుసు మధ్యలో ఉంటుంది. చిక్కేమిటంటే అది రెండు వైపులకీ దాదాపు సమానమైన బలమే ఇస్తుంది. ఒక చక్రానికి పట్టు లేకపోతే దాన్ని తిప్పడానికి ఎంత తక్కువ బలం చాలుతుందో, పట్టున్న రెండోదానికీ అంతే అందుతుంది. ఫోర్ బై ఫోర్ వేస్తే ఇంజను బలం ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ చేరుతుందంతే. ఒక్కో ఇరుసులో ఒక్కో చక్రం గాల్లో ఉంటే ఆ బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది. లాక్ వేస్తే ఆ ఇరుసు రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి.

గూర్ఖాలో ముందుకీ వెనక్కీ వేరువేరు లాకులున్నాయి. బావ చక్రాలు ఆగేదాకా ఉండి, వెనక లాక్ ఒక్కటే లాగి, ఆక్సిలరేటర్ మీద కాలు ఆనించాడో లేదో బండి నడుచుకుంటూ బయటికొచ్చింది. నా థార్ ఖరీదైన వేరియంటు, దాంట్లో లాక్‌కి మీట ఉండదు. వెనక చక్రాల వేగాల్లో బాగా తేడా రాగానే టక్కుమని దానంతటదే పట్టుకుంటుంది. అంటే ముందు కాస్త తిరగనివ్వాలి. నాకైతే మీటే నచ్చింది, మన చేతిలో ఉంటుంది కాబట్టి.

రెండో రాత్రి కాఫీ ఎస్టేటు హోమ్‌స్టే. తలకు 2,200, మూడు పూటలా భోజనం. కడుబు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి ఉండలు), కోడి సారు (కోడి పులుసు) కోసమే మళ్లీ వెళ్లొచ్చు. వాన పడితే కరెంటు ఉండదు, ఫోన్ సిగ్నల్ ఎప్పుడూ ఉండదు. అక్కడి పాత జీపు డ్రైవరన్న బండికి ఏ లాకూ లేదు. కానీ ప్రతి బురద ముందూ దిగి, చెప్పులిప్పి నడిచి చూసేవాడు. మా టైర్లలో గాలి 32 పీఎస్ఐ నుంచి 20కి దింపించాడు. లాక్ గురించి ఆయన మాట ఒక్కటే: ఇరుక్కున్నాక కాదు, దిగేముందే వేసుకో సార్. ఇరుక్కున్నాక వేస్తే అప్పటికే చక్రం తన గొయ్యి తనే తవ్వుకునుంటుంది.

ఆ మాట నేను మరీ ఒంటబట్టించుకున్నాను. మర్నాడు గూర్ఖా నడుపుతూ రెండు లాకులూ వేసి ఎక్కాను. ఎత్తు బాగానే ఎక్కింది. పైన మలుపులో తీయడం మరిచాను. స్టీరింగ్ తిప్పుతున్నా ముక్కు తిన్నగానే పోయి కాఫీ మొక్కలో దూరింది. ముందు ఇరుసు లాక్ నేరుగా ఎక్కేచోట తప్ప వేయకూడదని అలా తెలిసింది. ఓనరు గారు నవ్వి, "ఆ మొక్క వయసు మీకంటే ఎక్కువ" అన్నారు. డబ్బులు తీసుకోలేదు, నాకు సిగ్గు మాత్రం మిగిలింది. పక్కకు వాలిన జారుడు దారిలోనూ లాక్ వద్దంటాడు డ్రైవరన్న. రెండు చక్రాలూ ఒకేసారి పట్టు తప్పితే బండి వెనకభాగం పల్లానికి జారుతుందట. లాక్ వేసి గట్టి తారురోడ్డు మీద మలుపు తిప్పితే ఇరుసు మెలిపడి విరిగే ప్రమాదం. లాక్ వదలకపోతే స్టీరింగ్ తిన్నగా పెట్టి, కాలు తీసి, అడుగు ముందుకీ వెనక్కీ కదిపితే వదిలేస్తుంది.

తిరుగు ప్రయాణంలో మంజరాబాద్ కోట ఎక్కాం. టిప్పు కట్టించిన నక్షత్రపు కోట, గంట చాలు. పిల్లలకి మెట్లు నచ్చలేదు.

దిగి ఊళ్లోకొచ్చాక టైర్ల గాలి 32కి నింపించి, బాబాయికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "మలుపులో పెడల్ తీయలేదా?" అని ముందు అదే అడిగాడు.