సోలార్ రొద మీద ఫేజింగ్ పెట్టె: మూడేళ్ల వాడకం

పక్క భవనం మీద సోలార్ పలకలు బిగించిన నాటి నుంచి హ్యామ్ రేడియోలో నేను వినే 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు) పగటిపూట నాకు లేకుండా పోయింది. ఎండ కాస్త ఎక్కగానే మొదలై సాయంత్రం దాకా వదలని ఇన్వర్టర్ రొద, రిసీవర్లో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ సూదిని ఎస్9 మీదే నిలబెట్టేది. హ్యామ్‌లు రేడియోలో కలుసుకునే ఉదయపు నెట్‌లో నన్ను ఎవరైనా పిలిచారని మిత్రులు ఫోన్ చేసి చెబితే తప్ప తెలిసేది కాదు. రెండో ఏంటెన్నాతో పట్టిన రొదను తిరగేసి, ప్రధాన ఏంటెన్నాలోని అదే రొదతో కలిపి కొట్టేసే ఈ ఫేజింగ్ పెట్టెను సెకండ్ హ్యాండ్‌లో కొన్నది అందుకే.

నా ప్రధాన ఏంటెన్నా హైదరాబాదులోని మా డాబా మీది ఇన్వర్టెడ్ వీ డైపోల్ (నడుమ ఎత్తుగా, రెండు చివరలూ కిందికి వాలిన తీగ). రొదను పట్టేది ఆ భవనం వైపు పిట్టగోడకు కట్టిన 3 మీటర్ల తీగ. ముందు రెండింటినీ విడివిడిగా విని బలాలు సమానం చేసుకోవాలి, ఎందుకంటే 1 డెసిబెల్ తేడా మిగిలినా, ఫేజ్‌ను (తరంగాల ఎగుడుదిగుళ్ల వరసను) ఎంత కచ్చితంగా ఎదురుపెట్టినా, రొద తగ్గడం 19 డెసిబెల్ దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత ఫేజ్ నాబ్ నెమ్మదిగా తిప్పుతుంటే వెంట్రుకవాసి మేరలో ఒకచోట సూది ఎస్9 నుంచి ఎస్4కు జారుతుంది, అప్పటిదాకా లేనే లేదనుకున్న స్టేషన్ తాపీగా తన కాల్‌సైన్ (గుర్తింపు పేరు) చెప్పుకుంటూ వినిపిస్తుంది. ఈ ఒక్క నాబ్ కోసమే పెట్టెలోని మిగతా లోపాలన్నీ క్షమించాను.

ఒక్కటి మాత్రం క్షమించడం కష్టమైంది. రెండో ఏడాది వర్షాకాలంలో ఒక ఆదివారం రెండో ఏంటెన్నా, అంటే ఆ చిన్న తీగ, బలాన్ని సర్దే గెయిన్ నాబ్ ఎటు తిప్పినా సూది కదలలేదు. వాన నీరు కనెక్టర్లోకి దిగిందనుకుని విప్పి, తుడిచి, మళ్లీ అతికాను. కోయాక్స్ కేబుల్ మొత్తం మార్చాను. రెండు వారాంతాలు డాబా మీదే గడిచిపోయాయి. చివరికి పెట్టె విప్పి చూస్తే ఆ ఇన్‌పుట్‌లోని జె310 ట్రాన్సిస్టర్ కాలిపోయి ఉంది. నేను 100 వాట్లతో మాట్లాడుతున్నప్పుడు లోపలి రిలే ప్రధాన ఏంటెన్నాను పక్కకు తప్పిస్తుంది కానీ, పక్కనే ఉన్న చిన్న తీగ ఆ శక్తిని పట్టి నేరుగా ట్రాన్సిస్టర్ మీదికి తెచ్చిపోస్తుంటే అడ్డుకునేది ఏదీ లేదు. విడిభాగం ధర అల్పమే. దాన్ని కాపాడే ఏర్పాటు తయారీదారు ఎందుకు మానేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దాని రక్షణకు ఎదురెదురుగా డయోడ్లు పెట్టాను, ఊళ్లోని మీడియం వేవ్ ప్రసారానికే అవి పనిచేసి కొత్త గోల తెచ్చిపెట్టాయి. వాటిని తీసేసి, మాట్లాడే బటన్‌తో పాటే ఆ తీగను భూమికి కలిపే చిన్న రిలే పెట్టుకున్నాక మళ్లీ కాలలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఎస్9 నుంచి ఎస్4 అన్న పై లెక్క మొదటి ఏడాదిది. ఆ తర్వాత డైపోల్ కోయాక్స్‌ను కేబుల్ మీదుగా వచ్చే రొదను ఆపే ఫెరైట్ రింగుల్లో పలు చుట్లు తిప్పితే పెట్టె ఆన్ చేయకముందే రొద ఎస్7కు దిగింది; అంటే నేను నాబ్‌కు కట్టబెట్టిన ఘనతలో కొంత నిజానికి ఆ రింగులు ముందే చేయగలిగిన పనే. 50 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరిగితే మళ్లీ సర్దుకోవాలన్నదీ వాడాకే తెలిసింది. మే నెల ఉరుముల చిటపటలు నలుదిక్కుల నుంచీ వస్తాయి కాబట్టి వాటి మీద ఇది ఏమీ చేయలేదు.

నాకున్న శత్రువు ఒక్కటే, అదీ కదలని చోట ఉంది, నేను వినేది కూడా దాదాపు ఒకే బ్యాండ్. అందుకే నాకు ఈ పెట్టె డబ్బుకు తగినదే అనిపించింది. ఇరుగుపొరుగున నాలుగైదు ఛార్జర్లు, ఎల్‌ఈడీ దీపాలు కలిసి మోగే ఇంట్లో ఇదే మాట అనగలనని చెప్పలేను, ఎందుకంటే ఒకసారికి ఇది ఒక రొదనే కొట్టగలదు. వెనక వీధి భవనానికీ సోలార్ పెట్టిస్తున్నారని మొన్న వాచ్‌మన్ చెప్పినప్పటి నుంచి నాకు అదే బెంగ.