యూఎన్‌సీ-15 ప్రోబ్, దానితోపాటు గార తీసే సామాను: కోనసీమలో ఏళ్ళ తరబడి వాడాక

ముందే చెప్పేస్తున్నాను, నా పళ్ళ క్లినిక్‌లో ఉన్న సామానులో ఐదుకి ఐదు మార్కులు ఇచ్చేది చిగురు లోతు కొలిచే యూఎన్‌సీ-15 ప్రోబ్‌కి మాత్రమే. దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన స్కేలర్‌కి, అంటే గార తీసే మెషిన్‌కి కూడా ఇవ్వను. పేషెంట్లు డబ్బులిచ్చేది గార పోయి పళ్ళు తెల్లగా కనబడినందుకు, ఈ సన్నటి కడ్డీని చిగురు కిందికి దించి కొలిచినందుకు ఎవరూ రూపాయి ఎక్కువ ఇవ్వరు. కానీ ఏ పన్ను నిలుస్తుందో ఏది నిలవదో నాకు ముందు తెలిసేది దీనివల్లే.

కాలేజీలో మా చేతికిచ్చింది విలియమ్స్ ప్రోబ్. అందులో 4, 6 మిల్లీమీటర్ల గీతలు ఉండవు, చదివేటప్పుడు తికమక పడకూడదని అలా వదిలేశారు. నాకేమో అసలు పని ఆ 4 దగ్గరే. మూడు దాకా మామూలు, నాలుగు వచ్చిందంటే పాకెట్ (చిగురు పంటిని వదిలేసి ఏర్పడే సందు) సంగతి చూడాలి, అక్కడే గీత లేకపోతే అంచనాల మీద బతకాలి. యూఎన్‌సీలో 15 దాకా ప్రతి మిల్లీమీటరుకీ గీత ఉంటుంది, 4-5, 9-10, 14-15 మధ్య నల్లపట్టీలు ఉంటాయి కాబట్టి పన్నుకి ఆరు చోట్ల దించుతూ "మూడు, రెండు, మూడు, నాలుగు, మూడు, ఆరు" అని చెప్పుకుంటూ పోతే అసిస్టెంటు అమ్మాయి రాసుకుంటూ వస్తుంది. చివర అర మిల్లీమీటరు గుండు ఉండే డబ్ల్యూహెచ్‌ఓ ప్రోబ్ కూడా ఉంది నా దగ్గర. 3.5 నుంచి 5.5 దాకా ఉన్న ఒక్క నల్లపట్టీ మునిగిందా లేదా చూస్తే చాలు, క్యాంపుల్లో జనం ఎక్కువున్నప్పుడు అదే హాయి. క్లినిక్‌లో రికార్డు రాయాలంటే మాత్రం సరిపోదు.

మా రాజోలు వైపు ఈ ప్రోబ్ విలువ తెలియాలంటే చుట్ట తాగేవాళ్ళ నోళ్ళు చూడాలి. మనవరాలి పెళ్ళి ఉందని ఒక తాతగారిని కొడుకు తీసుకొచ్చాడు, ఫోటోల్లో పళ్ళు బాగా కనబడాలట. కింద ముందుపళ్ళ లోపలి వైపు అంతా తారు పూసినట్టు నల్లగా ఉంది, కానీ చిగుళ్ళు చూస్తే గట్టిగా, పాలిపోయి, ఎక్కడా ఎరుపు లేదు, వాపు లేదు. చూపుతో వదిలేస్తే మరక తీసి పంపేసే కేసే. కింది దవడ పన్ను వెనకవైపు ప్రోబ్ దించితే మొదటి నల్లపట్టీ పూర్తిగా మునిగి 7 దగ్గర ఆగింది, తీసి చూస్తే రక్తం చుక్క లేదు.

"నెప్పీ లేదు, రక్తమూ రాలేదు, మరి రోగం ఏంటండి డాక్టరమ్మా?" అన్నారాయన.

"అదేనండి తాతగారూ, మీ చుట్టే దాన్ని కనబడనివ్వట్లేదు."

"ఆయ్, అలాగాండి?"

నికోటిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే పొగ తాగేవాళ్ళకి లోపల ఎముక కరిగిపోతున్నా చిగుళ్ళ నుంచి రక్తం తక్కువే వస్తుంది. గార తీయిస్తే పళ్ళు ఊగుతాయి అని మా ఊళ్ళో గట్టి నమ్మకం కదా, అందుకే తీయకముందే ఆ లోతు అద్దంలో చూపిస్తాను, రాసి ఇస్తాను. ఆ తర్వాత పన్ను కదిలిందని నా మీదికి రాలేరు. షుగరు ఉందా అని కూడా అప్పుడే అడుగుతాను, ఎందుకంటే 2018లో ప్రచురించిన చిగుళ్ళ జబ్బు కొత్త వర్గీకరణలో రోజుకి పదో అంతకన్నా ఎక్కువో సిగరెట్లు తాగినా, షుగరు ఉండి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) 7 శాతం లేదా ఆపైన ఉన్నా నేరుగా గ్రేడ్ సి, అంటే జబ్బు వేగంగా ముదిరే రకం కిందికి వెళ్ళిపోతారు.

ప్రోబ్‌తో ఇబ్బందులు లేవని కాదు. చవక రకాల్లో నల్లపట్టీ రంగు ఆటోక్లేవ్‌లో (ఆవిరితో సామాను శుద్ధి చేసే మెషిన్‌లో) పెడుతూ ఉంటే వెలిసిపోతుంది, లేజర్‌తో చెక్కినవి నిలుస్తాయి. కొత్తది రాగానే మంచి స్కేలు పక్కన పెట్టి గీతలు సరిచూసుకోండి, నాకు ఒకసారి వచ్చిన దాంట్లో గీతలు స్కేలుతో కలవలేదు, అడిగితే డీలరు "అన్నీ అంతేనండి" అనేశాడు. ఇంక చేతి ఒత్తిడి, అది పాతిక గ్రాముల దగ్గర ఉండాలి. మీ బొటనవేలి గోటికింద మొన పెట్టి చర్మం తెల్లబడే దాకా నొక్కి చూడండి, అంతే చాలు.

స్కేలర్ సంగతి. నాది పీజో రకం, కరెంటుతో మొన సన్నగా కంపిస్తూ గారని రాలగొడుతుంది. చుట్ట మరక, కిళ్లీ ఎరుపు, క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాలు రాస్తే నెలల తరబడి పుక్కిలించినవాళ్ళ గోధుమరంగు, ఇవన్నీ తీసేస్తుంది, పైన పాలిష్ చేస్తే సరి. పిల్లల్లో చిగురు అంచునే సన్నటి నల్లగీత ఉంటుంది, అమ్మలు పుచ్చు అనుకుని టెన్షన్ పడతారు. అది రంగు పుట్టించే బ్యాక్టీరియా మరక, తీసినా మళ్ళీ వస్తుంది, పైగా ఆ పిల్లల్లో పిప్పిపళ్ళు చాలాసార్లు తక్కువే కనబడతాయి. ఫ్లోరైడు మచ్చలు మాత్రం ఎనామిల్ లోపలివి, వాటి మీద పవర్ పెంచి రుద్దితే పన్ను గరుకవుతుందే తప్ప మచ్చ పోదు.

స్కేలరు టిప్పు (మొన) విషయంలో అందరం పిసినారులమే. ఒక మిల్లీమీటరు అరిగితే పాతిక శాతం పని తగ్గుతుంది, రెండు అరిగితే సగమే, అప్పుడు పారేయాల్సిందే. అరుగుదల కార్డు గోడకి అంటించాను. సముద్రం దగ్గర కావడంతో మా బోరునీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళే పోస్తే స్కేలరు గొట్టాల్లో తెల్లగా పేరుకుంటుంది, ఆటోక్లేవ్‌లో పోస్తే స్టీలు మీద గోధుమ చుక్కలు లేస్తాయి. రెండింటికీ డిస్టిల్డ్ వాటరే వాడండి, ఇక్కడ కక్కుర్తి పడొద్దు.

చేత్తో గార గీకే క్యూరెట్లు నావి గ్రేసీ రకం, ఒక్కో చోటికి ఒక్కో నంబరు: ముందుపళ్ళకి 5/6, దవడ పళ్ళ బయట లోపల వైపులకి 7/8, ముందు ముఖానికి 11/12, వెనక ముఖానికి 13/14. లోతు పాకెట్‌లో వేళ్ళకి ఆ గరుకు తెలియడం స్కేలరుతో రాదు, అందుకే నాలుగు మార్కులు. ఒక మార్కు తగ్గించింది పదును కోసం: మొద్దుబారిన క్యూరెట్ గారని తీయదు, నున్నగా రుద్ది వదిలేస్తుంది, ప్రోబ్‌కి కూడా దొరకదు. కొత్తగా క్లినిక్ పెట్టేవాళ్ళకి డీలర్లు పెద్ద సెట్టు అంటగడతారు, వద్దు. ఈ నాలుగూ, దవడ పళ్ళ వేళ్ళ మధ్య సందు చూసుకోవడానికి వంపు తిరిగిన నేబర్స్ ప్రోబ్ ఒకటీ తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి అర్కాన్సా సానరాయి కొనండి.