8 జీబీ నిండాక ఆర్‌టీఎక్స్ 4060 ఏం చేస్తుందంటే

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులు ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, ఆర్‌టీఎక్స్ 4060 రెండింటినీ ఒకే మెషీన్‌లో మార్చి మార్చి చాలాకాలం వాడాక మిగిలిన పేచీ ఒక్కటే. కొత్త కార్డుకు మెమరీ 8 జీబీ దగ్గర ఆపేశారు. మిగతా అన్నింట్లో 4060 బుద్ధిమంతురాలు. వేడెక్కదు, ఫ్యాన్ చప్పుడు వినిపించదు, 3060 170 వాట్లు తీసుకుని చేసే పనిని 115 వాట్లలో కానిచ్చేస్తుంది.

అందరూ చూసే అంకె టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదన్నది. కోర్ల సంఖ్యను రెండుతో, ఆపైన క్లాక్‌తో గుణిస్తే వచ్చేదే అది. 3060కి 3584 × 2 × 1.777 గిగాహెర్ట్జ్, అంటే 12.7. 4060కి 3072 × 2 × 2.46, అంటే 15.1. సుమారు 19 శాతం ఎక్కువ. మెమరీ సరిపోయినంతసేపు 1080పీ ఆటల్లో కూడా తేడా దాదాపు అంతే కనిపిస్తుంది కాబట్టి ఆ అంకె అబద్ధమనలేం.

దాని కింది వరుసే ఎవరూ చదవరు. 3060 మెమరీ బస్సు (చిప్‌కూ మెమరీకీ మధ్య దారి) 192 బిట్లు, ఒక్కో బిట్ లైను మీద సెకనుకు 15 గిగాబిట్లు. గుణించి 8తో భాగిస్తే వచ్చే బ్యాండ్‌విడ్త్ సెకనుకు 360 జీబీ. 4060కి 128 బిట్లు, 17 గిగాబిట్లు, అంటే 272 జీబీ. ఈ లోటు పూడ్చడానికే చిప్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ ఎల్2 క్యాష్‌ను 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు. 1080పీలో ఆ ఎత్తు బాగానే పారుతుంది. 1440పీకి వెళ్లేసరికి క్యాష్‌లో దొరికేది తగ్గి, 4060 ఆధిక్యం కరుగుతూ వస్తుంది.

మెమరీ పరిమాణం కూడా బస్సు నుంచే వస్తుంది. ఒక్కో మెమరీ చిప్‌కు 32 బిట్లు కావాలి. 192 బిట్లకు ఆరు చిప్‌లు, 128కి నాలుగు. చిప్ 2 జీబీది కాబట్టి ఒకదానికి 12, ఇంకోదానికి 8. 3060కి 12 ఇచ్చింది ఉదారంగా కాదు. 1 జీబీ చిప్‌లు పెడితే 6 జీబీతోనే సరిపెట్టాల్సి వచ్చేది. ఏదైతేనేం, లాభం వాడేవాళ్లకే.

ఇక అసలు గొడవ. 8 జీబీ నిండితే మిగిలింది కంప్యూటర్ ర్యామ్‌లోకి పొంగుతుంది. అక్కడి నుంచి తెచ్చుకోవాలంటే కార్డును మదర్‌బోర్డుకు కలిపే పీసీఐఈ స్లాట్ గుండానే రావాలి. 4060కి ఉన్నవి ఎనిమిది లేన్లే, 3060కి పదహారు. బోర్డు పీసీఐఈ 4.0 అయితే ఎనిమిది లేన్ల మీద సెకనుకు దాదాపు 16 జీబీ నడుస్తుంది. బీ450 లాంటి 3.0 బోర్డయితే 8 జీబీయే. బీ550 బోర్డు కొన్నా ప్రాసెసర్ రైజెన్ 5600జీ అయితే మళ్లీ 3.0యే, ఆ చిప్ 4.0 ఇవ్వదు. 272 నుంచి 8కి పడటమంటే ముప్పై రెట్లకు పైగా. ఇది మెల్లగా దిగే వాలు కాదు, అంచు నుంచి పడటమే.

తంటా ఏమిటంటే, అది సగటు ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు వచ్చే ఫ్రేముల్లో) దాదాపు కనబడదు. ఆట మొదలైన మొదటి పావుగంట హాయిగా నడుస్తుంది. కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడో, కెమెరా గబుక్కున తిప్పినప్పుడో అర సెకను బిగుసుకుపోతుంది. కొన్ని ఆటలు ఇంకా గడుసువి. ఆగవు, చడీచప్పుడు లేకుండా టెక్స్‌చర్ల (వస్తువుల మీద పరిచే బొమ్మల) నాణ్యత తగ్గించేస్తాయి. గోడ మీది బోర్డు దగ్గరికెళ్లి నిలబడ్డా అక్షరాలు అలికినట్టే ఉంటాయి, సెట్టింగ్‌లో మాత్రం అల్ట్రా అనే ఉంటుంది. అప్పుడు ఎఫ్‌పీఎస్ కౌంటర్ చూసి కార్డును మెచ్చుకుంటే మోసపోయినట్టే.

నిర్ధారించుకోవడం కష్టం కాదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో జీపీయూ తెరిచి డెడికేటెడ్ (కార్డుది), షేర్డ్ (ర్యామ్‌ది) మెమరీ రెండూ చూడాలి. షేర్డ్ ఎప్పుడూ కొద్దిగా ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. డెడికేటెడ్ 7.5 దాటి కదలకుండా, షేర్డ్ ఒక జీబీ దాటి పాకుతుంటే పొంగినట్టే. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ సెన్సర్స్‌లో బస్ ఇంటర్‌ఫేస్ లోడ్ లేస్తుంది. వాడకం 99 శాతం అని చూపిస్తూనే విద్యుత్తు మాత్రం వంద వాట్ల పైనుంచి దిగజారడం ఇంకో గుర్తు. కోర్లు పని లేక ఎదురుచూస్తున్నాయన్నమాట. పైన మెచ్చుకున్న నిశ్శబ్దంలో కొంత వాటా దీనిదే.

చికిత్సలో మొదట తగ్గించాల్సింది టెక్స్‌చర్ క్వాలిటీని, ఒక్క మెట్టు చాలు. రిజల్యూషన్ తగ్గిస్తే ఆదా అయ్యే మెమరీ తక్కువ. తర్వాత కాంతి దారులను లెక్కగట్టే రే ట్రేసింగ్. ఆపైన మధ్యలో ఫ్రేములను కార్డే కల్పించే ఫ్రేమ్ జనరేషన్. 4060ని అమ్మేదే ఈ చివరి ఫీచర్ పేరు చెప్పి, కానీ దానికి కూడా కొన్ని వందల ఎంబీ కావాలి. నిండిన మెమరీ మీద అది ఆన్ చేయడం గోరుచుట్టు మీద రోకటిపోటు. బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేసినా కొంత చోటు దొరుకుతుంది.

3డీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్‌లో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 4096 × 4096 రంగుల టెక్స్‌చర్ దాని రెండర్ ఇంజిన్ సైకిల్స్‌లో కంప్రెస్ కాకుండా కూర్చుంటుంది, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 64 ఎంబీ. 8కె అయితే 256. అలాంటివి ముప్పై చేరితే 8 జీబీ కార్డు కథ ముగిసినట్టే, 12లో ఇంకా చోటుంటుంది. రెండర్ ప్రాపర్టీస్‌లో సింప్లిఫై ఆన్ చేసి టెక్స్‌చర్ లిమిట్ 2048 పెడితే 4కె టెక్స్‌చర్ 16 ఎంబీకి దిగుతుంది. దూరంగా ఉన్న వస్తువుల మీద తేడా తెలియదు, ముఖం క్లోజప్‌లో తెలుస్తుంది.

లాంగ్వేజ్ మోడళ్లు సొంత మెషీన్ మీద నడిపేవాళ్లకైతే కాగితం లెక్కే తిరగబడుతుంది. ఒక్కో టోకెన్‌కు (పదం ముక్కకు) మోడల్ మొత్తం ఒకసారి చదవాలి కాబట్టి, బ్యాండ్‌విడ్త్‌ను మోడల్ సైజుతో భాగిస్తే గరిష్ఠ వేగం వస్తుంది. 5 జీబీ మోడల్‌కు 3060లో సెకనుకు 72 టోకెన్లు, 4060లో 54. నిజంగా వచ్చేది ఇంకా తక్కువే, అయినా ముందుండేది పాత కార్డే. మోడల్ 8 జీబీ దాటిందా, విండోస్ డ్రైవర్ ఎర్రర్ చూపకుండా ర్యామ్‌లోకి తోసి నత్తనడక పట్టిస్తుంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో కుడా సిస్‌మెమ్ ఫాల్‌బ్యాక్ పాలసీని ప్రిఫర్ నో సిస్‌మెమ్ ఫాల్‌బ్యాక్‌కు మార్చుకుంటే ఎర్రరైనా వస్తుంది, కారణం తెలుస్తుంది.

ఇంత చెప్పాక 3060కీ ఒక చురక వేయాలి. కొత్త ఆటల్లో 10 జీబీ నింపే సెట్టింగులు పెడితే, మెమరీ ఉన్నా కోర్లు చాలక ఫ్రేములు ముందే పడిపోతాయి. 12 జీబీ తేలిగ్గా అక్కరకొచ్చేది టెక్స్‌చర్లకే, ఎందుకంటే వాటికి కోర్ల శ్రమ పెద్దగా పడదు. ఏవీ1 అనే వీడియో ఫార్మాట్ ఎన్‌కోడింగ్ కూడా ఇందులో లేదు, డీకోడింగే. 170 వాట్ల మాటకొస్తే, పవర్ లిమిట్ 80 శాతానికి దించితే పోయే వేగం కొద్దే.

నా వాడకంలో సగం బ్లెండర్, బోర్డు పీసీఐఈ 3.0. అందుకే మెషీన్‌లో 3060 ఉండిపోయింది. 4.0 బోర్డు, 1080పీ తెర, ఆటలు, స్ట్రీమింగ్ మాత్రమే ఉన్నవాళ్లకు 4060 వద్దనలేను, టెక్స్‌చర్లు హై దగ్గర ఉంచితే ఈ గొడవల్లో చాలావరకు ఎదురుకావు. సెకండ్ హ్యాండ్ 3060 తీసుకునేవాళ్లు మాత్రం జీపీయూ-జెడ్‌లో బస్ విడ్త్ 192 బిట్లు ఉందో లేదో చూసి డబ్బులివ్వండి. అదే పేరుతో 8 జీబీ, 128 బిట్ల రకం కూడా వచ్చింది. దాని బ్యాండ్‌విడ్త్ 240 జీబీయే, 4060 కంటే కూడా తక్కువ.