స్వామిమలైలో పంచలోహ విగ్రహాల వెంట

కుంభకోణం వెళ్లే మనవాళ్లు ఎక్కువగా నవగ్రహ గుళ్లు చుట్టేసి వచ్చేస్తారు. ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని స్వామిమలైకి వెళ్లినా స్వామినాథుడి (అక్కడి సుబ్రహ్మణ్యస్వామి) దర్శనం చేసుకుని కారెక్కేస్తారు. ఆ గుడి చుట్టుపక్కల వీధుల్లోనే చోళుల కాలం నాటి పద్ధతిలో ఇప్పటికీ విగ్రహాలు పోతపోస్తున్నారు. ఢిల్లీ భారత్ మండపం ముందు 2023లో నిలబెట్టిన 27 అడుగుల నటరాజు ఇక్కడి స్థపతుల, అంటే విగ్రహాలు చేసే శిల్పుల, చేతిలో తయారైనవాడే. దర్శనంతో పాటు కనీసం ఒక పూట ఈ పనికోసం ఉంచుకోండి.

బస కుంభకోణంలోనే మేలు. స్వామిమలై వైపు కొబ్బరిచెట్ల మధ్య రిసార్టులు ఉన్నాయి, విశ్రాంతికి బాగుంటాయి, కానీ వర్క్‌షాపులు చూడటానికి అంత ఖర్చు అక్కర్లేదు. మేం స్టేషన్ దగ్గర ఓ మామూలు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, పొద్దున్నే వేడినీళ్లు వచ్చాయి, పక్క సందులో డిగ్రీ కాఫీ దొరికింది. ఇంతకంటే ఏం కావాలి! ఒక్క కారు విషయంలోనే మనసు కష్టపడింది. లాడ్జివాళ్లు మాట్లాడిపెట్టిన డ్రైవరు మమ్మల్ని నేరుగా రోడ్డు మీది ఓ పెద్ద షోరూముకి తీసుకెళ్లాడు. తయారుచేసే చోటు చూపించమంటే వెనకవైపు ఇద్దరు కూర్చుని ఆకురాయితో రుద్దుతున్న గది చూపించారు. కొలిమి లేదు, మట్టి లేదు. మర్నాడు ఆటోలో వెళ్లి, గుడి దగ్గర అడిగి, సందులో ఉన్న ఒక వర్క్‌షాపు పట్టుకున్నాం. మీరూ అలాగే చేయండి. పోత రోజూ ఉండదు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కుంటే ఇంకా మంచిది.

అక్కడ మొదట నన్ను కట్టిపడేసింది ఒక కొబ్బరాకు. ఈనె తీసేసిన ఆకుని చేయబోయే విగ్రహం ఎత్తుకి కోసి, మడతలు పెడతారు. ఆ మడతల గుర్తులే కొలతలు. ముఖం ఎంత, మెడ ఎంత, మోకాలు ఎక్కడ అన్నీ అందులోనే. శిల్పశాస్త్రంలో ఉత్తమ దశతాళం అనే కొలతల పద్ధతిలోనైతే మొత్తం ఎత్తు 124 భాగాలు. తేనెమైనం, గుగ్గిలం, వేరుశనగ నూనె కలిపిన ముద్దతో స్థపతి బొమ్మ చేస్తుంటే ఆకు పక్కనే ఉంటుంది. చేతులు, నగలు విడిగా చేసి, వేడిచేసిన ఇనుప పనిముట్టుతో అతుకుతారు. అమ్మవారి వేలికి ఉంగరం అతికించేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టడం దగ్గరుండి చూశాను.

ఆపైన మట్టి. కావేరి వండ్రుమట్టిని మెత్తగా పూస్తారు. మైనం మీది ప్రతి గీతా ఈ మొదటి పూతలోకే దిగాలి. అది నీడలో ఆరాక ఇంకా ముతక పూతలు వేసి, పెద్ద విగ్రహమైతే ఇనుప తీగ చుడతారు. పిడకల మంటలో కాలిస్తే మైనం కరిగి బయటికి పోయి, లోపల బొమ్మ ఆకారంలో ఖాళీ ఉన్న మట్టి అచ్చు మిగులుతుంది. మైనం బరువుకి దాదాపు ఎనిమిది, తొమ్మిది రెట్లు లోహం పడుతుంది. ఎక్కువ భాగం రాగి, దాంతో ఇత్తడి, సీసం, నామమాత్రంగా వెండి, బంగారం. వేడి అచ్చుని నేలలో నోరు పైకి ఉండేలా పాతి, మూసలో కరిగిన లోహాన్ని ధార తెగకుండా పోస్తారు. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడరు. చల్లారాక మట్టి పగలగొడతారు కాబట్టి అచ్చు మిగలదు, అదే విగ్రహం ఇంకొకటి రాదు. ఆ తర్వాత ఉలిపని వారాల తరబడి సాగుతుంది. కళ్లు అన్నిటికంటే చివర.

కొనేవాళ్లకి నా మాట: మెరుపు చూసి మోసపోవద్దు. విగ్రహాన్ని వెనక్కి తిప్పి వీపు మీద జడ, ఒడ్డాణం చూడండి, వేళ్ల మధ్య సందులు చూడండి. పని ఎంత జరిగిందో అక్కడ తెలుస్తుంది. పూజకైతే ఆ మాట ముందే చెప్పండి, పూజావిగ్రహం లోపల డొల్ల లేకుండా ఘనంగా పోస్తారు. స్వామిమలై కంచు విగ్రహాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, ఎక్కడ పోశారో బిల్లు మీద రాయించుకోండి. ధర షోరూముకీ సందుకీ బాగానే తేడా ఉంది. సందులో స్థపతితోనే మాట్లాడతాం, దేవుడి రూపాన్ని వర్ణించే ధ్యానశ్లోకం చెబితే దాన్నిబట్టి ఆయుధాలు, ముద్రలు సరిచూస్తారు. భాష తమిళమే అయినా శ్లోకం దగ్గర ఇబ్బంది రాలేదు.

గుడికి మాత్రం పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం మూసేస్తారు. మెట్లు అరవై. ప్రభవ, విభవ అంటూ మన సంవత్సరాల పేర్లే వాటికీ. దారిలో దారాసురం ఐరావతేశ్వరాలయం వదలొద్దు. తంజావూరు ప్యాలెస్‌లోని ఆర్ట్ గ్యాలరీని ఆఖరికి పెట్టుకోండి. తిరువెణ్‌కాడు ఊళ్లో దొరికిన వృషభవాహనుడు, అంటే నందిని ఆనుకుని నిలబడ్డ శివుడు, అక్కడే ఉన్నాడు. పక్కన నంది లేకపోయినా, దాని మీద ఆనినట్టే ఉంటుంది ఆ చెయ్యి. మైనం పని చూసొచ్చాక ఆ మోచేతి వంపు దగ్గర ఎంతసేపు నిలబడతారో మీరే చూడండి.