ప్యాలెట్ చెక్క బెంచీలు: మూడు వానాకాలాలు తడిశాక

ప్యాలెట్లంటే సరుకు పేర్చడానికి వాడే చెక్క చట్రాలు. వాటిని విప్పి కావలిలో చేసినవి రెండు బెంచీలు, ఒక పొట్టి టేబులు. ఒక బెంచీ మేడ మీద ఎండలో ఉంటుంది, రెండోదీ టేబులూ పెరట్లో వేపచెట్టు కింద. మూడు ఎండాకాలాలు, మూడు ఈశాన్య వానలు చూశాయి. తీర్పు ముందే చెప్పేస్తున్నా: కూర్చునే పలకలకు ఏమీ కాలేదు, పోయినవన్నీ కాళ్లూ స్క్రూలే. ప్యాలెట్ చెక్క మెత్తన, ఎన్నాళ్లో రాదంటారు. నీళ్లు నిలిచే చోటు లేకుండా చేస్తే ఆ మెత్తటి చెక్కే బాగా వస్తుంది. నీళ్లు నిలిస్తే టేకైనా కుళ్లుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

చెక్క దొరకడం కష్టం కాదు. కృష్ణపట్నం పోర్టు వైపు నుంచి వచ్చే ప్యాలెట్లు పాత సామాన్ల అంగళ్లకు చేరతాయి. దేశాలు దాటే చెక్క ప్యాకింగ్‌కి, దానితో పురుగులు రాకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి: గోధుమ కంకి బొమ్మ, దేశం కోడు, శుద్ధి చేసిన పద్ధతి. హెచ్‌టీ అంటే చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలించారని. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని, అది వద్దు. ముద్రే లేకపోతే దేశంలోనే తిరిగిన ప్యాలెట్ కావచ్చు, తప్పేం లేదు. కానీ నూనె మరకలు, మందు వాసన, రొయ్యల నీచు ఉంటే ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. చెక్క పీల్చిన వాసన చిత్రిక పట్టినా పోదు. ఇంకో మాట: హెచ్‌టీ ఉంది కదా, చెదలు పట్టవులే అనుకునేవాళ్లు చాలామంది. ఆ వేడి అప్పటికి లోపలున్న పురుగుని చంపుతుంది, అంతే. రేపు వచ్చే చెదను ఆపదు.

విప్పడం దగ్గరే సగం చెక్క వృథా అవుతుంది. యూరప్ ప్రామాణిక కొలతల్లో చేసే యూరో ప్యాలెట్ ఒక్కదానికే 78 మేకులు. చాలావాటికి ఒంటినిండా గాట్లుంటాయి, గడ్డపార పెట్టి లేపితే మేకు రాదు, పలక కొస చీలి వస్తుంది. పలకకీ దిమ్మెకీ మధ్య సందులో ఇనుము కోసే బ్లేడు దూర్చి మేకుల్నే తెగ్గొట్టాలి. పలకలో మిగిలిన మేకు ముక్కను వెనక నుంచి సుత్తితో బయటికి కొట్టండి. ఆ తర్వాత అయస్కాంతం ఒకసారి పలకంతా తిప్పందే చిత్రిక పట్టొద్దు. ఒక్క ముక్క మిగిలినా కత్తి అంచు పోతుంది.

కొలతల్లో అందరూ చేసే పొరపాటు, మూడు యూరో ప్యాలెట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి సోఫా అనడం. ఎత్తు 43 సెంటీమీటర్లు, అది సరే. లోతు 80 ఉంటుంది, వీపు ఆనించుకుంటే కాళ్లు గాల్లో వేలాడతాయి. లోతు 50 నుంచి 55కి కోయండి. వీపు పలకను 45 సెంటీమీటర్ల ఎత్తుకి ఎనిమిది, పది సెంటీమీటర్లు వెనక్కి వాల్చండి. ప్యాలెట్‌లో పలకల మధ్య ఖాళీ పెద్దది, పరుపు దిగబడుతుంది, ఫోను జారిపడుతుంది. ఇంకో ప్యాలెట్ పలకలతో నింపి 8 మిల్లీమీటర్ల సందు మాత్రం వదలాలి. ఆ సందు కూడా మూసేస్తే వానకి ఉబ్బిన పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. మొత్తమ్మీద ఒక బెంచీకి రెండున్నర ప్యాలెట్లు పడతాయి.

స్క్రూలకు పెట్టే ఖర్చు చెక్కను మించుతుంది, అక్కడ పీనాసితనం పనికిరాదు. జిప్సం బోర్డు పనికి వాడే నల్ల స్క్రూలు మొదటి కార్తీకంలోనే తుప్పు పట్టాయి. తర్వాత బిగించబోతే తలలు తెగి చేతిలోకి వచ్చాయి. తుమ్మలపెంట సముద్రపు గాలికి పసుపు రంగు జింకు పూతవీ ఏడాదికి మించి ఆగలేదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు తల చుట్టూ టీ మరకలా కాస్త రంగు తిరిగాయే తప్ప పట్టు వదల్లేదు. 5 మిల్లీమీటర్ల స్క్రూకి ముందు 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి, కొస నుంచి కనీసం రెండు సెంటీమీటర్లు లోపలికి. ఎండిన పైన్ చెక్కకి బెజ్జం లేకుండా స్క్రూ దించితే టప్పున చీలుతుంది.

ఇక కాళ్లు. వేపచెట్టు కింది బెంచీ రెండో ఏడు కొద్దిగా ఒరిగింది. పైనుంచి చూస్తే కాలు భేషుగ్గా ఉంది, రంగు కూడా చెదరలేదు. తిరగేసి అడుగున స్క్రూడ్రైవర్ ఆనిస్తే మాత్రం టీలో ముంచిన రస్కులోకి దిగినట్టు బొటనవేలంత లోతు దిగింది. చెక్క పక్కల కంటే కోసిన కొసల నుంచే నీళ్లు ఎక్కువ తాగుతుంది, నేలకి ఆనేది ఆ కొసే. దీనికి విరుగుడని కాళ్లకు పీవీసీ మూతలు తొడుగుతుంటారు. అది ఇంకా చేటు, మూతలో చేరిన నీళ్లకు బయటికి దారి ఉండదు. పనిచేసింది ఇది: కొసకి ఎనామెల్ రంగు మూడు పూతలు, కింద చీమకుర్తి గ్రానైట్ కోతలో మిగిలిన ముక్క, ఆ రెంటికీ మధ్య రెండు రబ్బరు బిళ్లలు. గాలి ఆడుతుంది, చెదలు ఎక్కితే మట్టి గీత రాయి మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చీపురుతో దులిపితే సరిపోదు, వారానికోసారి కాలిని వేలి కణుపుతో కొట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే లోపల తినేసినట్టే.

పూత విషయంలో వార్నిష్‌కి నా ఓటు లేదు. మేడ మీద రోహిణీ కార్తె ఎండకి పెచ్చులు లేచింది, మళ్లీ వేయాలంటే మొత్తం గీకాల్సిందే. ఉడికించిన అవిసె నూనెలో కొంచెం టర్పెంటైన్ కలిపి గుడ్డతో రుద్దితే సరి, ఏడాదికోసారి పైపైన మళ్లీ రుద్దితే చాలు. నీడలో ఉన్నదానికి మాత్రం ఆ నూనె మీదే నల్ల బూజు పట్టింది, అక్కడ ప్రైమరు వేసి బయటి రంగు వేయడం మేలు. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయొద్దు. ఆరేటప్పుడు వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు, విడిగా పరిచి ఆరేయండి.

పని పెట్టుకునే కాలం కూడా మనకు వేరు. హైదరాబాదు వాళ్లు జూన్‌లోపు పూత ముగించాలంటారు. ఇక్కడ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, సంక్రాంతి దాటాక చెక్క పూర్తిగా ఆరినప్పుడు పూత వేస్తే బాగా పీలుస్తుంది. మే నెలాఖరుకి చెక్క కుంచించుకుని కీళ్లు వదులవుతాయి, అప్పుడొకసారి అన్నీ బిగించాలి.

కొత్తగా చేసేవాళ్లు కాళ్లను మేకులతో కొట్టేయకుండా, కాలుకి రెండేసి 8 మిల్లీమీటర్ల బోల్టులు, వెడల్పాటి వాషర్లు వేసి బిగించండి. వేపచెట్టు కింది బెంచీకి కాళ్లు మార్చేటప్పుడు మేకులు పీకడానికే ఒక పూట పోయింది. బోల్టులుంటే అరగంట పని.