హ్యామ్ రేడియో: బెజవాడ డాబా మీద ఏళ్ళ తరబడి వాడాక

ముందే తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. హ్యామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని సొంత సెట్టూ యాంటెన్నాతో దూరపువాళ్ళతో గాల్లో మాట్లాడుకునే హాబీ. నలుగురితో మాట్లాడుకోవడానికే అయితే దీని మీద ఇప్పుడు డబ్బు పెట్టొద్దు. తీగ కట్టి, కొలిచి, ఎందుకు పలకడం లేదో ఓపిగ్గా వెతుక్కునే గుణం ఉంటే మాత్రం దీనంత గిట్టుబాటు హాబీ ఇంకొకటి కనబడదు. ఈ తేడా తెలియక సెట్టు కొన్నవాళ్ళే కొన్నాళ్ళకు దాన్ని అటక మీద పడేస్తున్నారు. ఫోనొచ్చి దీన్ని చంపేసిందనడం తేలిక. నా లెక్కలో ఫోను కన్నా ఎక్కువ చేటు చేసినవి ఎల్‌ఈడీ బల్బూ, అపార్ట్‌మెంటు డాబా.

లైసెన్సు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 12 ఏళ్ళు నిండితే చాలు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 మాటల వేగంతో రావాలి. ఫీజు 20 ఏళ్ళకు 1000 రూపాయలు, జీవితకాలానికి 2000. అసలు ఇబ్బందల్లా పరీక్ష పాసయ్యాక కాల్‌సైన్, అంటే గాల్లో మన గుర్తింపు పేరు, చేతికొచ్చేదాకా ఎదురుచూడటమే. చాలామంది ఉత్సాహం ఆ ఖాళీలోనే చల్లారిపోతుంది. అప్పటిదాకా ఇంటర్నెట్లో వెబ్ ఎస్‌డీఆర్‌లు (ఎవరైనా వినేలా నెట్‌కు కలిపిన రేడియోలు) వింటూ బ్యాండ్ల (హ్యామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీ పట్టీల) తీరు తెలుసుకుంటే తర్వాత పనికొస్తుంది.

అందరూ మొదట కొనేది చైనా హ్యాండీ, అంటే చేతి సెట్టు. 5 వాట్లు, రెండు బ్యాండ్లు, అరచేతిలో ఇమిడిపోతుంది. ఛార్జింగు పెట్టి మీట నొక్కి పిలిస్తే బదులు రాదు. తప్పు సెట్టుది కాదు. అది వాడే వీహెచ్‌ఎఫ్ (బాగా ఎక్కువ ఫ్రీక్వెన్సీ) తరంగం దాదాపు కంటిచూపు దారినే పోతుంది. రోడ్డు మీద నిలబడితే భవనాల మధ్య రెండు మూడు కిలోమీటర్లు అందడమే గగనం. రెండువైపులా ఐదంతస్తుల డాబా మీద, అంటే 15 మీటర్ల ఎత్తున, యాంటెన్నాలుంటే లెక్క ప్రకారం 32 కిలోమీటర్లు రావాలి. బెజవాడ నుంచి గుంటూరుకు గాల్లో కొలిస్తే దాదాపు 30. కాగితం మీద సరిపోయింది కానీ సరిగ్గా ఆ గీత మీదే మంగళగిరి కొండ ఉంది. పానకాలస్వామిని పక్కకు జరగమనలేం కదా.

హ్యాండీతో వచ్చే రబ్బరు యాంటెన్నా తీసేసి డాబా మీద గ్రౌండ్ ప్లేన్ అనే నిలువు యాంటెన్నా పెడితే కొంత నయం. ఒక ఎస్‌ఓ-239 సాకెట్టు, వెల్డింగు సామాన్ల షాపులో దొరికే 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీలు ఐదు చాలు. నిలువు కడ్డీ 49 సెంటీమీటర్లు, కింద నాలుగు కడ్డీలు 51 సెంటీమీటర్ల చొప్పున 45 డిగ్రీలు వంచాలి. ఇక్కడ తప్పు జరిగేది కేబుల్ దగ్గర. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 20 మీటర్లు వేస్తే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 4 డెసిబెల్లు దానికే పోతాయి. 5 వాట్లు పంపితే పైకి చేరేది 2 వాట్లే. హెచ్‌ఎఫ్‌లో (దూరాలు పోయే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో) 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఇదే కేబుల్ నష్టం ఒక డెసిబెల్ కూడా ఉండదు, అందుకని దాన్ని అక్కడికే ఉంచుకోవాలి. రెండో తప్పు, బరువైన కేబుల్‌ను నేరుగా హ్యాండీ నెత్తిన బిగించడం. ఆ ఎస్‌ఎంఏ కనెక్టరు బోర్డు మీంచి ఊడొస్తుంది. మధ్యలో ఒక అడుగు పొడవున్న మెత్తటి కేబుల్ ముక్క పెట్టాలి. ఇక చవక హ్యాండీకి పెద్ద యాంటెన్నా తగిలించగానే ఊళ్ళోని ఎఫ్‌ఎం స్టేషన్లన్నీ దాని మీద పడి అసలు సిగ్నల్ వినబడకుండా చేస్తాయి. ఎఫ్‌ఎం బ్యాండును ఆపే ఫిల్టరు వేస్తే గానీ కుదరదు. ఈ సెట్లు మనకు అనుమతి లేని ఫ్రీక్వెన్సీల్లో కూడా పలుకుతాయి. మనకున్నది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, 434 నుంచి 438 వరకే. మిగతావి ప్రోగ్రాంలోంచి తీసెయ్యడం మంచిది, పిల్లలు మీట నొక్కినా భయముండదు.

హాబీకి ప్రాణం హెచ్‌ఎఫ్‌లోనే ఉంది. 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) డైపోల్‌కు, అంటే నడిమి నుంచి రెండు వైపులా సాగే తీగ యాంటెన్నాకు, ఒక్కో వైపు 10 మీటర్ల 5 సెంటీమీటర్లు లెక్కకొస్తుంది. ఇంటి వైరింగుకు వాడే 1.5 ఎంఎం వైరు తొడుగుతో సహా వాడితే రెండు మూడు శాతం కురచగా తేలుతుంది కాబట్టి ముందు పొడుగ్గానే కట్టి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా ఎంత పవరును వెనక్కి కొడుతోందో చూపేది) చూసుకుంటూ చివర మడుస్తూ రావాలి, కత్తిరించకూడదు. నడిమిని వాటర్ ట్యాంకు పక్కన జీఐ పైపుకు ఎత్తి, రెండు చివరలూ పిట్టగోడకు దించితే వీ తలకిందులు ఆకారం వస్తుంది. అపార్ట్‌మెంటు డాబా మీద 20 మీటర్లు తిన్నగా సాగదు, చివరలు పక్కకు వంచినా పనిచేస్తుంది. కరెంటు తీగల మీదుగా మాత్రం ఎప్పుడూ లాగొద్దు. తీగ తెగితే పడేది వాటి మీదే.

బెజవాడ ఎండ ఇక్కడ పెద్ద శత్రువు. పసుపు ప్లాస్టిక్ తాడు ఒక వేసవికే పొడిపొడిగా రాలుతుంది, తెల్ల కేబుల్ టైలూ అంతే. నల్లవి కొంతకాలం ఆగుతాయి. మామూలు ఇన్సులేషన్ టేపు మేలో జిగురు కారి జారిపోతుంది, జూన్ వానకు కనెక్టర్లో నీళ్ళు దిగుతాయి, కేబుల్ లోపలి అల్లిక నల్లబడుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ రోజుకో రకంగా చూపిస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, దాని మీద మామూలు టేపు వేసి, కనెక్టరు కింద కేబుల్ ఒక వంపు తిరిగేలా కట్టాలి. అప్పుడు నీళ్ళు వంపు దగ్గరే కారిపోతాయి.

స్థలం లేనివాళ్ళు ఒక చివర నుంచి ఫీడ్ చేసే సగం తరంగ తీగ వాడుతున్నారు. 20 మీటర్ల తీగ ఒక్కటే 40, 20, 10 మీటర్ల బ్యాండ్లకు సరిపోతుంది. తీగ మొదట్లో ఉండే 49:1 ట్రాన్స్‌ఫార్మరుకు 43 రకం ఫెర్రైట్ రింగు మీద 2 చుట్లకు 14 చుట్లు. చిన్న రింగు వేసి 100 వాట్లు నిలకడగా పంపితే రింగు కాలిపోతుంది. మొదలుపెట్టినప్పుడు బాగున్న ఎస్‌డబ్ల్యూఆర్ రెండు నిమిషాల్లో పైకి పాకడమే దానికి గుర్తు.

ఇంతా చేసి సెట్టు ఆన్ చేస్తే వినబడేది గోల. జనం వదిలేస్తున్నది నిజానికి ఇక్కడే. నగరంలో 40 మీటర్ల మీద ఎస్-మీటరు (సిగ్నల్ బలం చూపే ముల్లు) ఖాళీ బ్యాండులోనే 7 దగ్గర నిలబడుతుంది. వీధి మొత్తం కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద సెట్టు పెట్టి చూడండి, ముల్లు 2కు పడిపోతుంది. ఒక్కో అంకె 6 డెసిబెల్లు. అయిదు అంకెలంటే 30, అంటే వెయ్యి రెట్లు. 5 వాట్ల కుర్రాడు పక్క రాష్ట్రం నుంచి పిలుస్తుంటే ఆ గోల కింద వినబడడు. వాడేమో ఎవరూ పలకడం లేదని మానేస్తాడు.

గోల ఎక్కడిదో పట్టుకోవడానికి గడియారం చాలావరకు సాయం చేస్తుంది. పొద్దున మొదలై సాయంత్రానికి తగ్గితే పైకప్పు సోలార్ ఇన్వర్టరు. 2024లో పీఎం సూర్యఘర్ వచ్చాక వీధివీధినా పలకలు కనబడుతున్నాయి. దీపాల వేళ మొదలైతే ఎల్‌ఈడీలు. ఇరవై నాలుగ్గంటలూ ఉంటే సెట్‌టాప్ బాక్సు అడాప్టరో, వైఫై రౌటరు అడాప్టరో. వాటర్‌ఫాల్ (తెర మీద కదిలే బ్యాండు బొమ్మ) మీద సమానదూరంలో వరుసగా దిబ్బలు కనిపిస్తే అది ఎస్‌ఎంపీఎస్, అంటే అడాప్టర్లలో ఉండే స్విచింగ్ పవర్ సప్లై. మిక్సీ గోలను వదిలెయ్యండి, పచ్చడి అయ్యేదాకానే. రిగ్‌ను (పెద్ద సెట్టును) బ్యాటరీ మీదకు మార్చి ఇంట్లో ఎంసీబీలు ఒక్కొక్కటే దించుతూ పోతే మన ఇంటి వాటా తేలుతుంది. అక్కడ దొరికిన అడాప్టరు తీగను 31 రకం ఫెర్రైట్ రింగులోంచి 8 నుంచి 10 చుట్లు తిప్పాలి. క్లిప్ రింగు ఒక్కటి తగిలించి ఊరుకుంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఏమీ మారదు, ఎందుకంటే అడ్డుకునే శక్తి చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పాత కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్‌లో దొరికే పసుపు-తెలుపు రింగులు ఇనుప పొడివి, ఇందుకు అసలు పనికిరావు. పక్క ఫ్లాటు గోలకు మాత్రం రింగు కన్నా మంచిమాటే మందు. మంచి బల్బు మనమే కొనిచ్చి మార్పించడం గొడవ పడటం కన్నా చవక.

ఈ గోలను దాటడానికి ఎక్కువమంది పట్టుకున్న దారి ఎఫ్‌టీ8. జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే 2017లో తెచ్చిన డిజిటల్ పద్ధతి. 15 సెకన్ల వంతులు, 14.074, 7.074 మెగాహెర్ట్జ్. చెవికి అసలు వినబడని సిగ్నల్‌ను కంప్యూటరు చదివేస్తుంది. కంప్యూటరు గడియారం సెకను కూడా తేడా ఉండకూడదు. చాలామందికి ఒక్కటీ డీకోడ్ కాకపోవడానికి కారణం ఇదే. సెట్టులోని ఏఎల్‌సీ (పవరు హద్దు దాటకుండా అదుపుచేసేది) ముల్లు కదలనంతగా ఆడియో తగ్గించాలి, లేకపోతే సిగ్నల్ పక్కలకు చిమ్ముతుంది. ప్రతి వంతులో 12 సెకన్లకు పైగా పూర్తి పవరు పోతుంది కాబట్టి ఏసీ లేని గదిలో 100 వాట్ల రిగ్‌ను 40కి మించనివ్వొద్దు.

పనిచెయ్యడంలో దీనికి వంక పెట్టలేం. 40 వాట్లూ ఒక తీగతో సాయంత్రం పూట యూరప్ వరసగా లాగ్‌లో పడుతుంది. కానీ ఆ సంభాషణలో ఉండేది కాల్‌సైన్, గ్రిడ్ (మ్యాపు మీద మనం ఉన్న గడి), సిగ్నల్ అంకె, సెలవు. బెజవాడ, గుంటూరు రెండూ ఎన్‌కే06 గ్రిడ్డే. అవతలివాడికి మన గురించి తెలిసేది అంతే. వాతావరణం అడిగేవాళ్ళు లేరు, నీ యాంటెన్నా ఏంటని అడిగేవాళ్ళు లేరు. మాట్లాడుకున్నందుకు గుర్తుగా పంపుకునే క్యూఎస్‌ఎల్ కార్డు బదులు కంప్యూటరే లాగ్‌ను అప్‌లోడ్ చేసేస్తుంది. కొత్తవాడు నేర్చుకునేది పెద్దల మాటలు వింటూ. తెర మీద పచ్చ గీతలు చూస్తే ఆ నేర్పు అబ్బదు. పొద్దున్నే 40 మీటర్ల మీద నడిచే నెట్లలో (ఒకే ఫ్రీక్వెన్సీ మీద అందరూ కలిసే కూటాల్లో) ఇంకా కొంత మాట మిగిలింది. కొత్తవాళ్ళు అక్కడే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మిగతా కబుర్లన్నీ వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్ళిపోయాయి. రిపీటరు (సిగ్నల్ అందుకుని మళ్ళీ దూరానికి పంపే స్టేషను) ఎందుకు మూగబోయిందని చర్చ కూడా అందులోనే.

చేత్తో కట్టుకునే సరదా మాత్రం ఇప్పుడే బాగుంది. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ) రూపొందించిన బిట్‌ఎక్స్ సెట్టు ప్రపంచమంతా పాకింది. నల్లా వాషరు మీద కాయిలు చుట్టే తరహా డిజైను అది. చివర్లో ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టరు, దొరికే సామాన్లు. దాని తర్వాతిది, మైక్రోబిట్‌ఎక్స్, 2017లో వచ్చింది. రెడీమేడ్ రిగ్ విలువలో చిన్న వంతుకే హెచ్‌ఎఫ్‌లో నిలబెడుతుంది. నానో వీఎన్‌ఏ అనే చిన్న కొలత పరికరం వచ్చాక యాంటెన్నా కొలత కూడా ఊహ మీద నడవక్కర్లేదు.

విపత్తుల్లో పనికొస్తుందన్న మాటను మనవాళ్ళు అతిగా వాడతారు. 2004 డిసెంబరు 26 సునామీ వేళ హ్యామ్ భారతీ ప్రసాద్ బృందం అప్పటికే అండమాన్‌లో స్టేషను పెట్టుకుని ఉంది కాబట్టి వార్తలు అందించగలిగింది. సెట్టు, బ్యాటరీ, అలవాటు మూడూ అక్కడున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కరెంటు పోయి ఫోన్లు ఛార్జి లేక ఆగిపోయాయి. అలాంటి పూట అటక మీది హ్యాండీ ఎవరికీ సాయపడదు. వారానికొకసారైనా ఒకే ఫ్రీక్వెన్సీ మీద పలకరించుకునే నలుగురుండాలి. బ్యాటరీ కూడా చూసుకోవాలి. 100 వాట్ల రిగ్ పంపేటప్పుడు 20 ఆంపియర్లకు పైగా లాగుతుంది, 11.7 వోల్టుల కిందికి దిగితే మొండికేస్తుంది. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి నేరుగా తీసుకోవచ్చు, అయితే ఇన్వర్టరు నడుస్తున్నంతసేపూ దాని గోల వినాల్సిందే.

పాత రిగ్ కొనేవాళ్ళకు ఒక మాట. లైసెన్సు ఉన్నవాళ్ళ మధ్యే చేతులు మారాలి. యాంటెన్నా మీద కాకుండా డమ్మీ లోడు (పవరును వేడిగా మింగేసే ఉత్తుత్తి యాంటెన్నా) మీద పవరు చూడండి. 1 కిలో ఓమ్, 2 వాట్ల కార్బన్ రెసిస్టర్లు 20 పక్కపక్కన కలిపితే 50 ఓమ్‌ల, 40 వాట్ల లోడు ఇంట్లోనే తయారవుతుంది. తీగ చుట్టిన రెసిస్టర్లు కాయిల్లా పనిచేస్తాయి, అవి వద్దు. పవరు 40కి తగ్గించి, 13.8 వోల్టులిచ్చి, అన్ని బ్యాండ్లలోనూ పది సెకన్ల చొప్పున నొక్కి చూడండి. ఒక్క బ్యాండులోనే పడిపోతే ఫిల్టరు రిలే, అన్నిట్లోనూ పడిపోతే చివర్లో పవరు పెంచే ఫైనల్ ట్రాన్సిస్టర్లు. మొదటిది బాగుచేసుకోవచ్చు, రెండోదైతే ధర సగానికి దిగకపోతే తీసుకోవద్దు.