పద్యానికి ఏది మేలు: ఉత్త గొంతా, శ్రుతా, కార్డులా?

పద్యం ఒక్క గొంతు పాట. ఆ గొంతు వెనక ఏముండాలన్న దగ్గర మూడు దారులున్నాయి: ఏ తోడూ లేకుండా పాడటం, తంబూరా శ్రుతి (ఆగకుండా మోగే ఆధార స్వరం) పెట్టుకోవడం, కీబోర్డు మీదో గిటారు మీదో కార్డులు (chords, అంటే ఒకేసారి మోగించే మూడు స్వరాల గుత్తులు) వేయించుకోవడం. మా ఓటు శ్రుతికే. కందం దగ్గర మాత్రం కార్డులకూ చోటుంది.

ఉత్త గొంతులో మాట వినిపించినంత బాగా మరెందులోనూ వినిపించదు. అర్థం ఎక్కడ తెగితే అక్కడ ఆగొచ్చు, ఇష్టమైన మాటను సాగదీయొచ్చు. (ఉత్పలమాలలో 10వ అక్షరం దగ్గర, చంపకమాలలో 11వ అక్షరం దగ్గర యతి వస్తుందని అక్కడే ఆగేవాళ్లున్నారు. తెలుగు యతి అక్షర మైత్రి, విరామం కాదు. మాట నడిమధ్యలో ఆగితే అర్థం చెడుతుంది.) చిక్కు ఎక్కడంటే, శ్రుతి దిగిపోతుంది. పాదం చివర ఊపిరి అయిపోయే వేళకు అవరోహణ షడ్జం (స) మీద కాకుండా దానికి కాస్త కింద దిగుతుంది. తర్వాతి పాదం ఆ దిగిన చోటి నుంచే మొదలవుతుంది. పాడేవాళ్ల చెవికి ఇది పట్టుబడదు. పరీక్ష తేలిక: శ్రుతి విని, ఆపేసి, నాలుగు పాదాలూ పాడి, చివరి షడ్జం మీద నిలబడి మళ్లీ శ్రుతి పెట్టండి. తేడా తెలిసిపోతుంది.

శ్రుతి పెట్టుకుంటే ఈ జబ్బు పోతుంది, స్వేచ్ఛ మిగులుతుంది. ఎంత శ్రుతి? సాధారణంగా మగవాళ్లకు 1 నుంచి 2 (కీబోర్డు మీద C నుంచి D), ఆడవాళ్లకు 5, 5½ (G, G♯) సరిపోతాయి. అయినా అసలు కొలత గొంతే. తారస్థాయి (పై స్థాయి) పంచమం (ప) అరవకుండా అందాలి, మంద్ర (కింది స్థాయి) పంచమం గాలిలా కాక స్వరంలా పలకాలి. రెంటిలో ఒకటే కుదిరితే పైదాన్ని చూసుకోండి, ఎందుకంటే పద్యం ఎత్తుగడ ఎక్కువగా పైనే ఉంటుంది. హిందోళం, శ్రీరంజని లాంటి పంచమం లేని రాగాలకు పంచమం తీగను మధ్యమానికి (మ) దించాలి. ఇది మరిచిపోతే రాగంలో లేని స్వరం పద్యమంతా మోగుతూనే ఉంటుంది. శ్రుతి మోత ఊపిరి తీసుకునేటప్పుడు వినిపించి, పాడేటప్పుడు వెనక్కి తగ్గేంత ఉంటే చాలు.

కార్డుల దగ్గర అసలు గొడవ మొదలవుతుంది. మోహన రాగం తీసుకోండి: స రి గ ప ద. ఈ అయిదు స్వరాలతో కట్టగలిగిన మామూలు మూడు స్వరాల కార్డులు రెండే: స-గ-ప, ద-స-గ. వాయించేవాళ్లు అలవాటు కొద్దీ మ-ద-స వేస్తారు, మధ్యమం వచ్చి పడుతుంది, మోహన పోయింది. హిందోళానికి స-గ-ప వేస్తే పంచమంతో అదే పని జరుగుతుంది. రెండో చిక్కు గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడం. తోడి రాగంలో గాంధారం (గ) ఊగుతూనే బతుకుతుంది, కార్డులోని గాంధారమేమో ఒక్కచోటే నిలబడుతుంది, రెండూ రాచుకుంటాయి. కదలకుండా నిలిపే అంతర గాంధారానికీ (మోహనలో వచ్చే గ) తేడా తప్పదు: తంబూరాలో సహజంగా పలికేది షడ్జానికి సుమారు 386 సెంట్ల పైన ఉంటే, కీబోర్డుది 400 సెంట్లు (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు). హార్మోనియం మెట్ల మీదా ఇదే తంటా.

మూడోది నడక. కందంలో గణాలన్నీ నాలుగు మాత్రలవి (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు). మొదటి పాదంలో మూడు, రెండో దాంట్లో అయిదు, కలిపి ఎనిమిది. అంటే రెండు పాదాలు ఎనిమిది దెబ్బల ఆదితాళం ఒక ఆవర్తనంలో (ఒక చుట్టులో) చక్కగా ఇముడుతాయి, గణానికో దెబ్బ. ఇక్కడ కార్డులు అందంగా కుదురుతాయి. ఉత్పలమాల లాంటి వృత్తాలకు ఇది చెల్లదు. ఉత్పలమాల గణాలు భ-ర-న-భ-భ-ర-వ మాత్రలు లెక్కేస్తే 4, 5, 3, 4, 4, 5, 3. మొత్తం 28, నాలుగు చొప్పున ఏడు దెబ్బలు వస్తాయి గానీ రెండు రగణాల్లోనూ చివరి గురువు దెబ్బకు అటూ ఇటూ విరుగుతుంది. శార్దూలం, మత్తేభం పాదానికి 30 మాత్రలు, నాలుగుతో భాగమే పోవు. వృత్తాన్ని లాక్కొచ్చి తాళంలో కూర్చోబెడితే గురువులు లఘువులవుతాయి, మాట నలుగుతుంది.

వృత్తానికీ కార్డులు కావాలనుకుంటే ఒక పాత పద్ధతి ఉంది. 1600 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సు సంగీతకారులు, నాలుగైదు గొంతులు కలగలిసి పాడితే కవిత్వం వినిపించడం లేదని, ఒక్క గొంతు పాటకు మళ్లారు. వాళ్లలో ఒకడైన గాయకుడు, స్వరకర్త జూలియో కచ్చీని 1602లో అచ్చువేసిన పాటల్లో గొంతు వరస, కింద మంద్ర స్వరాల వరస మాత్రమే ఉంటాయి. మంద్రం మీద కార్డులు నింపే పని వాయించేవాళ్లది. గొంతు మాట నడకను పట్టుకుంటుంది, వాయిద్యం గొంతును పట్టుకుంటుంది. పద్యానికి ఇదే తీరున చేయొచ్చు: పాదానికి ఒకటి, మహా అయితే రెండు మార్పులు, అదీ అర్థం మారిన చోట. గొంతు గమకంలో ఉన్నంతసేపూ గాంధారం వదిలేసి షడ్జ పంచమాలే మోగించాలి. వాయించేవారు పద్యాన్ని కంఠతా పట్టి ఉండాలి, లేకపోతే ప్రతి మార్పూ ఒక అక్షరం ఆలస్యమవుతుంది.